సంక్రాంతికి అరిసె తినొచ్చా? లో కార్బ్ డైట్‌లో అప్పుడప్పుడూ తినే తీపి గురించి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "నా వయసు 41. హైదరాబాద్‌లో ఉంటాం. 82 కిలోలు ఉండేదాన్ని. చక్కెర పూర్తిగా మానేసి, అన్నం పూటకో చిన్న కప్పుకు తగ్గించి, గుడ్లు, చికెన్, కూరలు ఎక్కువ చేసి మూడు నెలల్లో 75కు వచ్చాను. మొన్న ఒక గృహప్రవేశంలో రెండు బొబ్బట్లు, పులిహోర తిన్నాను. మర్నాడు పొద్దున చూస్తే కిలోన్నర పెరిగింది. ఆ నిరాశలో వారం పాటు డైట్ వదిలేశాను. ఇప్పుడు సంక్రాంతికి రావులపాలెం దగ్గర అత్తగారింటికి నాలుగు రోజులు వెళ్ళాలి. ఆదివారం ఆదివారం చీట్ డే, అంటే డైట్ పక్కన పెట్టి ఏదైనా తినే రోజు, పెట్టుకోవచ్చా? బెల్లంతో చేసినవీ, షుగర్ ఫ్రీ స్వీట్లూ పర్వాలేదా? మావారికి షుగర్ ఉంది, మాత్రలు వాడతారు. ఆయన కూడా నాతో పాటే తింటున్నారు."

సమాధానం:

తినొచ్చు. పండగ పూట అరిసె తింటే మీ మూడు నెలల కష్టం ఎక్కడికీ పోదు. మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట "వారం పాటు డైట్ వదిలేశాను" అన్నది. బొబ్బట్లు తిన్నది ఒక్క పూట, వాటి వంకతో తిన్నది ఏడు రోజులు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో బరువు తగ్గడం ఆగిపోయిన చాలామంది కథ ఇదే. స్వీటు దగ్గర కాక, దాని మర్నాడు దెబ్బ తింటారు.

అందుకని ముందు ఆ కిలోన్నర సంగతి తేల్చుకుందాం. రావులపాలెం నుంచి తిరిగొచ్చాక మళ్ళీ అదే అంకె కనిపిస్తుంది, మళ్ళీ టెన్షన్ పడతారు. మనం తిన్న పిండిపదార్థాల్లో కొంత భాగాన్ని శరీరం గ్లైకోజెన్ రూపంలో కండరాల్లోనూ కాలేయంలోనూ దాచుకుంటుంది. మామూలుగా అన్నం తినే మనిషిలో ఇదంతా కలిపి అరకిలో దాకా ఉంటుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీరు నిల్వ ఉంటుంది. అన్నం, చక్కెర తగ్గించగానే ఈ నిల్వ కరిగి, దాంతో ఉన్న నీరు మూత్రంలో పోతుంది. డైట్ మొదలుపెట్టిన తొలి వారంలోనే రెండు కిలోలు తగ్గామని అందరూ సంబరపడేది ఎక్కువగా ఈ నీటిని చూసే. అదే లెక్క తిరగబడితే, ఒక పూట పులిహోర, బొబ్బట్లు తిన్నాక ఖాళీ అయిన నిల్వ మళ్ళీ నిండుతుంది, నీరు మళ్ళీ చేరుతుంది. పులిహోరలోని ఉప్పు ఇంకొంచెం నీటిని పట్టి ఉంచుతుంది. తిన్న తిండి కూడా ఇంకా పేగుల్లోనే ఉంటుంది. మొత్తం కలిపి కిలోన్నర చూపించడం వింతేమీ కాదు.

కొవ్వు లెక్క వేరు. ఒక కిలో కొవ్వు పెరగాలంటే శరీర అవసరానికి మించి దాదాపు 7,700 కేలరీలు తినాలి. కిలోన్నరకు 11,500 పైమాటే. మీరు తిన్న రెండు బొబ్బట్లు నెయ్యితో కలిపి 500 అనుకోండి, పులిహోర మరో 400. గృహప్రవేశం మొత్తం కలిపి మీకు నిజంగా పెరిగి ఉండగల కొవ్వు వంద గ్రాముల లోపే. మర్నాటి నుంచి మీ మామూలు తిండి తిని ఉంటే నాలుగైదు రోజుల్లో తూకం పాత అంకెకు వచ్చేసేది.

ఇక చీట్ డే. నేను వద్దంటాను, ఎందుకో లెక్క వేసి చూపిస్తాను. మీ వయసూ బరువూ ఉన్న స్త్రీకి, రోజంతా కూర్చుని చేసే పని అయితే, బరువు పెరగకుండా తగ్గకుండా ఉండటానికి సుమారు 1,900 కేలరీలు కావాలనుకుందాం. మీరు 1,500 తింటున్నారు. రోజుకు 400 లోటు. ఆరు రోజులకు 2,400. ఆదివారం పొద్దున నాలుగు పూరీలు, బంగాళాదుంప కూర. మధ్యాహ్నం ఫుల్ ప్లేట్ బిర్యానీ, పక్కన కూల్‌డ్రింక్. సాయంత్రం నాలుగు మిర్చి బజ్జీలు. రాత్రి "ఈ రోజు ఎలాగూ చీట్ డేనే" కాబట్టి మళ్ళీ అన్నం, ఆఖర్న ఐస్‌క్రీమ్. ఇది మూడు వేలు సునాయాసంగా దాటుతుంది. అంటే అవసరం కంటే 1,100 ఎక్కువ. వారమంతా కడుపు కట్టుకుని పోగేసుకున్న లోటులో దాదాపు సగం ఒక్క రోజులో పోయింది. పైగా సోమ, మంగళవారాల్లో తీపి మీదకు మనసు లాగుతుంది, ఆ రెండు రోజులు యుద్ధమే. బుధవారానికి కుదుటపడితే, శుక్రవారం నుంచి ఆదివారం గురించి ఆలోచన మొదలు. నా మాట: రోజు వద్దు, పూట కూడా వద్దు, ఒక వస్తువు చాలు. "ఆదివారం ఏదైనా తింటాను" అనుకోవడానికీ, "శనివారం మా చెల్లి కొడుకు పుట్టినరోజు, అక్కడ కేక్ ముక్క తింటాను" అనుకోవడానికీ చాలా తేడా ఉంది. రెండోదానికి మొదలూ ఉంది, చివరా ఉంది.

ఎంత తరచుగా అంటే, మీలా రోజుకు వంద గ్రాముల దగ్గర కార్బ్స్ (పిండిపదార్థాలు, చక్కెరలు కలిపి) తినేవాళ్ళకు వారం పది రోజులకోసారి ఒక స్వీటో, ఒక ఇష్టమైన టిఫినో పెద్ద విషయం కాదు. ఆ పూట అన్నం కప్పు మానేసి ఆ చోటు దీనికివ్వండి. వండిన అన్నం 100 గ్రాముల్లో 28 గ్రాముల కార్బ్స్ ఉంటాయి, ఒక అరిసెలోనూ సుమారుగా అంతే. రోజుకు 20, 30 గ్రాములకు మించకుండా, కొబ్బరి నూనెలూ వెన్నలూ తింటూ కఠినంగా చేసేవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకు ఒక్క బొబ్బట్టుతో కీటోసిస్, అంటే శరీరం చక్కెరకు బదులు కొవ్వుతో నడిచే స్థితి, ఆగి, మళ్ళీ మొదలవడానికి ఒకట్రెండు రోజులు పడుతుంది. అంతకు మించి కొంపలేం మునగవు. కాకపోతే అలాంటివాళ్ళు స్వీట్ తిన్న గంటకు వేలు గుచ్చి చూసుకుంటే చక్కెర అనుకున్నదానికన్నా ఎక్కువ కనిపించవచ్చు. చాలాకాలం కార్బ్స్ తినని శరీరం ఒక్కసారిగా వచ్చిన చక్కెరను సర్దుకోవడానికి కొంచెం తడబడుతుంది. అందుకే గ్లూకోజ్ తాగించి చేసే రక్తపరీక్షకు ముందు మూడు రోజుల పాటు రోజుకు కనీసం 150 గ్రాముల కార్బ్స్ తినమంటారు. ఇది తెలియక డైట్ మధ్యలో ఆ పరీక్ష చేయించుకుని, షుగర్ వచ్చిందని బెంబేలెత్తేవాళ్ళు ఉంటారు.

ఇప్పుడు అసలు పండగ. "పండగనాడు కూడా పాత మొగుడేనా" అని సామెత ఉండనే ఉంది. ఆ నాలుగు రోజులూ కోడిగుడ్లు, కీర దోసకాయ ముక్కలు పట్టుకుని కూర్చోమని నేను చెప్పను. అలా కూర్చున్నా అత్తగారు ఊరుకోరు. భోగి నుంచి ముక్కనుమ వరకు రోజుకొక్క స్వీటు, ఏ రోజు ఏది అన్నది ఇక్కడి నుంచి బయల్దేరకముందే అనుకోండి. మిగతావి రుచి చూడటానికి కూడా వద్దు. రుచి చూడటం అంటే మన ఇళ్ళల్లో సగం ముక్క అని అర్థం.

ఏది ఎంచుకోవాలి? అన్నీ ఒకటి కావు. ఇంటింటికీ కొలతలు మారతాయి కాబట్టి ఈ అంకెలను ఉజ్జాయింపుగానే తీసుకోండి. అరిసె అంటే తడి బియ్యప్పిండి, బెల్లం పాకం, నూనె. పిండీ కార్బే, పాకమూ కార్బే. మధ్యస్తం సైజుదాంట్లో 25 నుంచి 30 గ్రాముల కార్బ్స్. బొబ్బట్టు అంతకన్నా బరువు. పైన మైదా, లోపల శనగపప్పు, బెల్లం, అన్నీ కలిసి ఒక్కటే 35 నుంచి 40. సున్నుండ ఈ వరసలో కాస్త మేలు. 30 గ్రాముల చిన్న ఉండలో 16 నుంచి 18 గ్రాములు కార్బ్స్, మినప్పిండి వల్ల మూడు గ్రాముల దాకా ప్రోటీన్. నెయ్యి బాగా పట్టి ఉంటుంది కాబట్టి ఒకటి తింటే తిన్నట్టుంటుంది, వెంటనే రెండోదాని మీదకు చెయ్యి పోదు. మీ అత్తగారికి ముందే ఫోన్ చేసి, మీకోసం చిన్న ఉండలు కట్టి, తీపి కొంచెం తగ్గించమని అడగండి. సున్నుండల్లో తీపి తగ్గించినా ఉండ నిలుస్తుంది, కట్టేది నెయ్యి కదా. అరిసెల పాకంలో మాత్రం ఆ వీలు లేదు. పాకం సరిగ్గా లేకపోతే నూనెలోనే విడిపోతాయి.

పూతరేకుల గురించి విడిగా చెప్పాలి, ఎలాగూ మీరు వెళ్ళేది ఆత్రేయపురం పక్కకే. 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చిన సరుకు, దాన్ని వదిలి రమ్మని చెప్పే ధైర్యం నాకు లేదు. బోర్లించిన కుండ మీద బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను పరిచి లాగితే వచ్చే ఆ రేకుకు బరువంటూ ఏమీ ఉండదు. కార్బ్స్ అంతా లోపల చల్లే పంచదార పొడిలోనో బెల్లం పొడిలోనో ఉంది. కాబట్టి ఇంట్లో చుట్టేటప్పుడు పొడి సగం చల్లి, నెయ్యీ జీడిపప్పు బాదం పలుకులూ మామూలుగా వేస్తే చిన్న పూతరేకు పది గ్రాముల కార్బ్స్ దగ్గరికి దిగుతుంది. రుచిలో పెద్దగా తేడా రాదు, ఎందుకంటే నోట్లో కరిగేది రేకూ నెయ్యీ. బజారు డబ్బాలో కొన్నదైతే ఒకటి 15 నుంచి 20 గ్రాములు అనుకోవచ్చు. డబ్బాలో పది ఉంటాయన్నదే దాంతో ఇబ్బంది.

కనుమ మీ రోజు. "కనుమ నాడు మినుము తినాలి" అంటారు కదా, గారెలూ నాటుకోడి పులుసూ లో కార్బ్ వాళ్ళ కోసమే పెట్టినట్టుంటాయి. రెండు గారెలకు 20 గ్రాముల లోపు కార్బ్స్, పప్పులోని ప్రోటీన్, పీచు. పులుసులో దాదాపు ఏమీ లేదు. ఆ పూట అన్నం మానేసి రెండు గారెలు, కావలసినంత కోడికూర తినండి. పెరుగు గారె అయినా సరే. పాకం గారె మాత్రం ఆ రోజు స్వీటు లెక్కలోకి వస్తుంది.

ఎప్పుడు తినాలన్నది ఎంత తినాలన్నదానికి దాదాపు సమానం. భోజనం చివర తినండి. పొద్దున ఖాళీ కడుపుతో కాఫీలోకి అరిసె తింటే చక్కెర వేగంగా రక్తంలోకి వస్తుంది, గంటన్నరకల్లా మళ్ళీ ఆకలేస్తుంది. ముందు కూర, మాంసం, పప్పు తిని చివర్న పిండిపదార్థాలు తింటే రక్తంలో చక్కెర అంత ఎత్తుకు ఎగరదు. 2015లో న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ వైద్య కళాశాల వాళ్ళు డయాబెటిస్ ఉన్న 11 మందికి అదే భోజనాన్ని వరస మార్చి పెట్టి ఈ తేడా చూశారు. చిన్న అధ్యయనమే, కానీ గ్లూకోమీటర్ ఉన్నవాళ్ళు ఎవరైనా ఇంట్లోనే చూసుకోవచ్చు. తిన్నాక పావుగంట నడవండి. పల్లెటూళ్ళో పండగపూట నడకకు కొదవేముంది, ముగ్గులు చూడటానికి నాలుగు వీధులు తిరిగితే సరిపోతుంది. ఇంకొక్క సంగతి. కూర్చుని, ప్లేటులో పెట్టుకుని తినండి. వంటింట్లో నిలబడి డబ్బా మూత తీసి తిన్నది మనకు లెక్కకు రాదు, గుర్తు కూడా ఉండదు.

స్వీట్ల కన్నా నాకు ఎక్కువ భయం జంతికలంటే. "స్వీటు ముట్టుకోలేదండీ, ఒట్టు" అంటారు. నిజమే అంటారు. రాత్రి అందరూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే మధ్యలో ఒక పళ్ళెంలో జంతికలు, చెక్కలు, చేగోడీలు. కారంగా ఉన్నాయి కాబట్టి డైట్‌కు అడ్డం రావనుకుంటారు. అవి బియ్యప్పిండీ నూనే. రెండు గుప్పెళ్ళు, అంటే ఓ 50 గ్రాములు తింటే 25 గ్రాముల పైన కార్బ్స్, 250 కేలరీలు. అరిసె అయితే ఒకటి తిన్నాక మొహం మొత్తుతుంది, జంతికలకు ఆ అడ్డు లేదు. ఆ పళ్ళెం దగ్గర కూర్చోవాల్సి వస్తే పక్కన వేయించిన వేరుశనగలో, కొబ్బరి ముక్కలో పెట్టించుకోండి.

నాలుగు రోజుల పండగ ఎవరినీ లావు చేయదు. లావు చేసేది తిరిగొచ్చేటప్పుడు అత్తగారు కట్టిచ్చే డబ్బా. ఒక స్టీలు డబ్బాలో అరిసెలు, ఇంకోదాంట్లో సున్నుండలు, పిల్లలకని జంతికలు. కారు డిక్కీ నిండుతుంది. అరిసెలు నెల దాకా పాడవవు కూడా. ఫ్రిజ్ మీద ఆ డబ్బా ఉన్నంతకాలం సాయంత్రం నాలుగున్నరకు టీ చేతిలో పట్టుకుని సగం అరిసె విరవడం, పది నిమిషాలకు మిగతా సగం కోసం మళ్ళీ రావడం, ఇదే జరుగుతుంది. రోజుకొకటి చొప్పున ఇరవై రోజులు తింటే అది అప్పుడప్పుడూ తినే తీపి కాదు, రోజువారీ తిండి. డబ్బా వద్దనకండి, పెద్దావిడ నొచ్చుకుంటారు. హైదరాబాద్ చేరిన మర్నాడే ఆఫీసుకు, పక్కింటికి, వాచ్‌మన్ గారింటికి, పనిమనిషికి పంచేయండి. పిల్లలవి విడిగా, మీ చేతికి అందని అల్మరాలో.

ఇక బెల్లం. మీకు నచ్చని మాటే చెప్పాలి. చక్కెర 100 గ్రాములకు 390 కేలరీల దగ్గర ఉంటే బెల్లం 380. రెండూ చెరకు నుంచి వచ్చిన తీపే, బరువు దగ్గర రెండింటికీ తేడా లేదు. బెల్లంలో ఐరన్ ఉందంటారు, కొంచెం ఉంది. దాని కోసం తినాలంటే ఎంత బెల్లం తినాలో ఆలోచించండి. తేనె కూడా అంతే, నూటికి 80 వంతుల పైన చక్కెరలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సలహాలో తేనెనూ, పండ్ల రసాన్నీ చక్కెరతో కలిపే లెక్కగట్టింది. మొత్తం కేలరీల్లో పది శాతం లోపు, వీలైతే ఐదు శాతం, అంటే రోజుకు దాదాపు 25 గ్రాముల లోపు ఉండమంది. ఖర్జూరం ముద్దతో చేసిన "నో షుగర్" లడ్డూలూ ఇదే కోవలోకి వస్తాయి. ఖర్జూరంలో పీచు ఉంది, మంచిదే, ఒకటి తింటే సరే. ఒక్కో లడ్డూలో నాలుగైదు ఉంటాయి. చిరుధాన్యాల స్వీట్ల పేరు చెప్పి అమ్మేవీ చాలా వచ్చాయి. కొర్రల్లో పీచు బియ్యం కన్నా ఎక్కువ, ఆరోగ్యానికి మంచివి, కానీ 100 గ్రాములకు 60 పైన కార్బ్స్ ఉంటాయి. రాగులు 70 దగ్గర. అవి బియ్యానికి బదులు తినేవి, లో కార్బ్ కాదు. అందులో బెల్లం కూడా కలిపితే ఇక చెప్పేదేముంది.

షుగర్ ఫ్రీ స్వీట్ల విషయంలో నా అభిప్రాయం కొంచెం కటువు. ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవండి. చాలావాటిలో మాల్టిటాల్ ఉంటుంది. ఇది చక్కెర కాదు కాబట్టి ముందువైపు షుగర్ ఫ్రీ అని వేస్తారు. దీనిలో చక్కెరలో సగానికి పైగా కేలరీలు ఉన్నాయి, రక్తంలో చక్కెరను కొంత పెంచుతుంది కూడా. నాలుగు ముక్కలు తింటే కడుపుబ్బరం, విరేచనాలు. ఆ పైన మైదా, పాలపొడి, శనగపిండి, నెయ్యి మామూలు స్వీట్లో ఉన్నంతే ఉంటాయి. షుగర్ ఫ్రీ కాజా అంటే చక్కెర లేని మైదా. దానివల్ల జరిగే ఇంకో సంగతేమిటంటే, మామూలు స్వీటు ఒకటి తిని ఆగేవాళ్ళు దీన్ని మూడు తింటారు, "షుగర్ లేదు కదా" అని. 2023 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ బరువు తగ్గడానికి ఆస్పర్టేమ్, సుక్రలోజ్, స్టీవియా లాంటి చక్కెర కాని తీపి పదార్థాలను (మాల్టిటాల్ రకం ఇందులోకి రాదు) వాడొద్దని సలహా ఇచ్చింది. దీర్ఘకాలంలో వీటివల్ల కొవ్వు తగ్గుతున్నట్టు కనిపించలేదన్నారు. ఆ సలహా ఇప్పటికే డయాబెటిస్ ఉన్నవాళ్ళకు వర్తించదని కూడా అందులోనే ఉంది. చక్కెర లేకుండా కాఫీ గొంతు దిగనివాళ్ళు కొన్నాళ్ళు స్టీవియా వాడుకుంటే నేను అడ్డు చెప్పను. ఇంట్లో పాయసంలో వేయాలనుకుంటే ఆస్పర్టేమ్ ఉన్నది వద్దు, వేడికి దాని తీపి పోతుంది. సుక్రలోజ్ వేడికి నిలుస్తుంది. అంత తంటాలు పడి చేసిన పాయసం కన్నా అసలు పాయసం నాలుగు చెంచాలు తినడమే నయమని నాకనిపిస్తుంది. నకిలీ తీపి రోజూ తింటూ ఉంటే తీపి మీద మోజు ఎప్పటికీ తగ్గదు. మీరు మూడు నెలలు చక్కెర మానేశారు కదా, ఇప్పుడు పాత కాఫీ తాగి చూడండి, తీపి ఎక్కువైందనిపిస్తుంది. ఆ నాలుకను పాడు చేసుకోకండి.

మామూలు రోజుల్లో ఏదైనా నోరూరితే అన్నిటికీ పండగ అక్కర్లేదు. జున్నుపాలు దొరికితే బెల్లం బాగా తగ్గించి, మిరియాలు, యాలకులు వేసి జున్ను చేసుకోండి. పాలలోని ప్రోటీన్ అంతా గట్టిపడిందే అది, కడుపు నిండుతుంది. దోర జామకాయ మీద ఉప్పు కారం, వేసవిలో తాటి ముంజలు, పచ్చి కొబ్బరి, మీగడ పెరుగులో నాలుగు దానిమ్మ గింజలు. డార్క్ చాక్లెట్ 70 శాతం పైది రెండు గళ్ళు, సుమారు 20 గ్రాములు, పది గ్రాముల లోపు కార్బ్స్‌తో పోతుంది. జీడిపప్పు మాత్రం చూసుకుని తినాలి, బాదం, వేరుశనగ కన్నా అందులో పీచు తక్కువ, చక్కెరగా మారేది ఎక్కువ. మామిడిపండు సంగతి అడగలేదు గానీ ఏప్రిల్‌లో ఎలాగూ అడుగుతారు. బంగినపల్లి ఒక్కటే పెద్దదైతే కార్బ్స్ 40 గ్రాములు దాటతాయి, రెండు చెక్కల్లో ఒక చెక్క తినండి, రసం తీయొద్దు.

బయట తినేటప్పుడు తీపి కన్నా దాగి ఉన్న పిండి మోసం చేస్తుంది. చికెన్ 65, అపోలో ఫిష్ లాంటివాటికి కార్న్‌ఫ్లోర్, మైదా పట్టిస్తారు. తందూరీకి ఆ గొడవ లేదు. బిర్యానీ అంటే ప్రాణమైతే నెలకోసారి తినండి, ముక్కలూ రైతా ముందు, అన్నం ఒక కప్పు పెట్టుకుని మిగతాది ఎవరికైనా ఇచ్చేయండి. ఫుల్ ప్లేట్ మీ ముందు పెట్టుకుని సగం తింటాననే శపథాలు నేను నమ్మను.

ఒక విషయం నిజాయితీగా చూసుకోండి. కొందరికి ఒక్క ముక్క తిని ఆగడం చేతనవుతుంది, కొందరికి కాదు. మొదటి ముక్కతో ఆకలి లేచి, రాత్రి పదకొండు గంటలకు ఫ్రిజ్ తలుపు తీసేవాళ్ళలో మీరు ఉంటే, సిగ్గుపడే పనేం లేదు, కానీ "కొంచెంగా తినండి" అన్న సలహా మీకు పనికిరాదు. అలాంటివాళ్ళకు స్వీటు పూర్తిగా మానేసి, పండగ పూట నాటుకోడి పులుసునో రొయ్యల వేపుడునో తమ విందుగా పెట్టుకోవడమే సుఖం. రోజూ సాయంత్రం ఐదింటికి తీపి మీదకు మనసు పోతుంటే అది బలహీనత అనుకోకండి, మధ్యాహ్నం తిండిలో ప్రోటీన్ చాలలేదని, లేదా రాత్రి నిద్ర చాలలేదని అనుకోండి. నెలసరి ముందు వచ్చే కోరికకు మాత్రం ఒక చాక్లెట్ ముక్క ఇచ్చి ఊరుకోవడం మంచిది.

అత్తగారి దగ్గర "డైట్" అనే మాట ఎత్తొద్దు. ఆ మాట వినగానే "నీకేం లావని" అని మొదలవుతుంది, వాదన పెరుగుతుంది, చివరికి ఆవిడ సంతోషం కోసం మూడు అరిసెలు తినాల్సి వస్తుంది. ఆవిడ పెట్టింది తీసుకోండి, బాగుందని మెచ్చుకోండి. రెండోది పెట్టబోతే "సాయంత్రం తింటానత్తయ్యా" అనండి. సాయంత్రం ఎవరూ లెక్క అడగరు. తిరిగొచ్చాక ఏడు రోజుల పాటు తూకం ఎక్కకండి. ఆ ఏడు రోజులూ మీ మామూలు తిండే, తగ్గించి తినడాలూ ఉపవాసాలూ ఏమీ వద్దు. ఎనిమిదో రోజు పొద్దున చూసుకుంటే వచ్చేదే మీ బరువు. అప్పటికీ ఒక కిలో పైన ఎక్కువ ఉంటే ఆ వారం ఏం తిన్నారో రాసి పంపండి, చూద్దాం.

మీవారి విషయం మాత్రం వీటన్నిటి కన్నా ముందు చూడాలి. ఆయన వాడే మాత్రలేవో మీరు రాయలేదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే పెద్ద ఇబ్బంది ఉండదు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి గానీ, ఇన్సులిన్ గానీ ఉంటే, అన్నం తగ్గించి అదే డోసు కొనసాగించినప్పుడు షుగర్ బాగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కంగారు, కళ్ళు తిరగడం వస్తే వెంటనే మీటర్‌తో షుగర్ చూడండి. 70 కన్నా తక్కువ ఉంటే మూడు చెంచాల చక్కెరో గ్లూకోజో నీళ్ళలో కలిపి తాగించి, పావుగంటకు మళ్ళీ చూడండి. మీటర్ చేతిలో లేకపోతే దాని కోసం ఆగకుండా ముందు చక్కెర నీళ్ళివ్వండి. స్పృహ సరిగ్గా లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకండి, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఆ సమయంలో డైట్ గుర్తు చేసుకోకూడదు, అప్పుడు చక్కెరే మందు. సున్నుండో చాక్లెట్టో పెట్టినా లాభం లేదు, అందులోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి రావడం ఆలస్యమవుతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు ఉంటే కార్బ్స్ బాగా తగ్గించిన డైట్‌తో కీటోఅసిడోసిస్ (రక్తంలో ఆమ్లాలు పేరుకుపోవడం) అనే ప్రమాదం ఉంది. అందులో షుగర్ అంకె మామూలుగానే కనిపిస్తూ కూడా వాంతులు, ఆయాసం రావచ్చు. ఇంట్లో మీతో పాటు ఆయనా అన్నం తగ్గించారన్న సంగతి డాక్టర్‌కు తెలియదని మీ ఉత్తరం చూస్తే అనిపిస్తోంది. మాత్రలు సొంతంగా ఆపొద్దు, మార్చొద్దు. ఊరికి బయల్దేరే లోపే ఆయన మందుల చీటీ పట్టుకుని ఒకసారి డాక్టర్‌ని కలవండి. ఇప్పుడు ఏం తింటున్నారో, పండగకు ఏం తినబోతున్నారో రెండూ చెప్పి డోసు అడగండి. గ్లూకోమీటర్‌నూ, చాలినన్ని స్ట్రిప్పులనూ, ఒక గ్లూకోజ్ ప్యాకెట్‌నూ బట్టల బ్యాగులో కాకుండా కారులో ముందు సీటు దగ్గరే పెట్టుకోండి.